సమాధి లేని మరణం: రాజన్ అదృశ్యం (1976) – కాపరి పరిచర్యకు కొన్ని పాఠాలు

1. ఉపోద్ఘాతము

మన సంఘాలలో మూడు రిజిస్టర్లు ఉంటాయి: బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధి రిజిస్టరు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో అమెరికన్ ఆర్కాట్ మిషన్ కాలం నుండి మిషనెరీలు, వారి తరువాత మన స్థానిక కాపరులు ఈ పుస్తకాలను శ్రద్ధగా నడిపించారు. విశ్వాసి పేరు మొదటి పుస్తకంలో ఎక్కుతుంది, చివరి పుస్తకంలో ముగుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్నదే అతని జీవితం. అయితే మొదటి పుస్తకంలో పేరు ఉండి, చివరి పుస్తకంలో ఎన్నటికీ ఎక్కని మనిషిని గూర్చి కాపరి ఏమి చేయాలి? అతడు బ్రతికి ఉన్నాడని చెప్పేవారు లేరు, మరణించాడని చెప్పేవారూ లేరు. పట్టుకొని వెళ్లినవారు మాత్రం తాము పట్టుకోలేదని చెబుతారు.

ఈ ప్రశ్నను ఊహగా కాక చరిత్రగా పరిశీలించుటకు మేము ఇక్కడ ఒక జీవితాన్ని ఎంచుకొన్నాము. అది అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 మార్చి 1వ తేదీన కేరళలోని కాలికట్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ నుండి పోలీసులు తీసికొనిపోయిన విద్యార్థి పి. రాజన్ జీవితం. అతడు క్రైస్తవుడు కాడు, తెలుగువాడూ కాడు. అయినను అతని కథ మనకు దూరమైనది కాదు. కుప్పం స్టేషను మీదుగా కేరళకు రైళ్లు వెళ్తూనే ఉంటాయి. పొరుగు రాష్ట్రపు తండ్రి ఒకడు ముప్పది సంవత్సరాలు మోసిన భారాన్ని తెలిసికొనుట మన పరిచర్యకు ఉపయోగకరమని మా నమ్మకం.

2. నిర్బంధానికీ అదృశ్యానికీ గల భేదం

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. మదనపల్లె చరిత్రలోనే దానికి ఒక ఉదాహరణ ఉంది. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజపు కళాశాల స్థాపించబడుటకు కారకురాలైన అనీ బిసెంటును 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వం హోంరూల్ ఉద్యమం కారణంగా నిర్బంధించింది. ఆమెతోపాటు అరండేల్, వాడియాలను కూడా ఉదకమండలంలో ఉంచారు. అది అన్యాయమని దేశమంతా నిరసించింది. కాని ఆమె ఎక్కడ ఉన్నదో అందరికీ తెలుసు. ఉత్తర్వు ఉంది, ఊరి పేరు ఉంది. బాధ్యత వహించే ప్రభుత్వమూ ఉంది. అందుచేతనే నిరసనకు ఒక గురి దొరికింది, కొన్ని నెలలకే, అదే సంవత్సరం సెప్టెంబరులో, ఆమె విడుదలైంది.

బలవంతపు అదృశ్యం ఇటువంటిది కాదు. 2006 డిసెంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం దీనిని మూడు అంశాలతో నిర్వచించింది. మొదటిది, రాజ్యపు మనుషులు గాని, రాజ్యపు అండతో వేరేవారు గాని ఒక వ్యక్తి స్వేచ్ఛను హరించుట. రెండవది, ఆ సంగతిని ఒప్పుకోకపోవుట, లేదా ఆ వ్యక్తి ఎక్కడ ఉన్నాడో దాచుట. మూడవది, తత్ఫలితంగా అతడు చట్టపు రక్షణకు వెలుపల పడిపోవుట. ఈ ఒప్పందం 2010 డిసెంబరు 23 నుండి అమలులోనికి వచ్చింది. మన దేశం 2007 ఫిబ్రవరి 6న దానిపై సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు.

ఈ మూడింటిలో రెండవదే అసలు విషం. చెరసాలలో ఉన్నవానికి అన్నం పంపవచ్చు, ఉత్తరం వ్రాయవచ్చు, న్యాయవాదిని పెట్టవచ్చు. చనిపోయినవానిని పాతిపెట్టి ఏడ్వవచ్చు. అదృశ్యమైన వాని విషయంలో కుటుంబానికి ఈ రెండూ లేవు. 1941 డిసెంబరు 7న హిట్లరు ప్రభుత్వం జారీ చేసిన 'రాత్రి, పొగమంచు' అను ఉత్తర్వు ఉద్దేశం ఇదే. ఆక్రమిత దేశాలలో ఎదిరించినవారిని బహిరంగంగా శిక్షించుటకంటె జాడ లేకుండా మాయం చేస్తేనే మిగిలినవారిలో భయం ఎక్కువగా నిలుస్తుందని ఆ ప్రభుత్వం లెక్క వేసింది.

3. చారిత్రక నేపథ్యం: 1975–77

1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించబడింది. 1977 మార్చి 21 వరకు అది కొనసాగింది. ప్రాథమిక హక్కుల అమలుకై న్యాయస్థానానికి వెళ్లు హక్కు నిలిపివేయబడింది. అయినను తొమ్మిది హైకోర్టులు హెబియస్ కార్పస్ పిటిషన్లను విచారించవచ్చునని తీర్పులిచ్చాయి. హెబియస్ కార్పస్ అనగా, నిర్బంధించిన మనిషిని న్యాయస్థానం ముందుకు తెచ్చి చూపవలెనని ఆజ్ఞాపించు ఉత్తర్వు. 1976 ఏప్రిల్ 28న జబల్పూరు కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా ఆ తలుపును కూడ మూసివేసింది. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆయన చెల్లించిన వెల ప్రధాన న్యాయమూర్తి పదవి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును తప్పని కొట్టివేసింది. అనగా ఆ దోషాన్ని ఒప్పుకొనుటకు నలుబది యొక్క సంవత్సరాలు పట్టింది.

తెలుగు నేలపై ఈ కాలపు మొదటి గాయం మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో తగిలింది. అత్యవసర పరిస్థితి వచ్చి నెల తిరుగకముందే, 1975 జులై 25న సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, వనపర్తి సుధాకర్, కొలిశెట్టి ఆనందరావు అను నలుగురు యువకులు అక్కడ చంపబడ్డారు. జనార్దన్ వరంగల్లు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎన్‌కౌంటరు జరిగిందని పోలీసులు ప్రకటించారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన పౌర కమిటీ, పట్టుకొని తెచ్చి, చెట్లకు కట్టి కాల్చారని నివేదించింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, కవి కాళోజీ నారాయణరావు ఆ కమిటీలో పనిచేశారు. ఆ తరువాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషనును నియమించింది గాని ఆ విచారణ ముగింపునకు రాలేదు.

మదనపల్లెకు నాలుగు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న బెంగళూరులోనూ ఇదే కాలంలో రెండు సంఘటనలు జరిగాయి. జార్జి ఫెర్నాండెజ్ జాడ చెప్పుమని ఆయన సోదరుడు లారెన్స్ ఫెర్నాండెజ్‌ను 1976 మే 1న పోలీసులు ఇంటినుండి తీసికొని వెళ్లారు. అరెస్టును చూపకుండ రోజుల తరబడి దాచి హింసించారు. తల్లి ఆలిస్ కుమారుని కొరకు రాష్ట్రపతికి వ్రాసింది. మరునాడు, మే 2న నటి స్నేహలతా రెడ్డి అరెస్టయింది. ఆమె క్రైస్తవ కుటుంబంలో పుట్టినది, మన 'ఫిడేలు రాగాల డజన్' కవి పఠాభి భార్య. ఉబ్బసంతో బాధపడుతున్న ఆమెను బెంగళూరు సెంట్రల్ జైలులో ఉంచారు. విడుదలైన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న ఆమె మరణించింది. లారెన్స్ తిరిగి వచ్చాడు. స్నేహలత సమాధికి చేరింది. రాజన్ విషయంలో ఈ రెండూ జరుగలేదు.

4. రాజన్: విద్యార్థి, పాటగాడు

రాజన్ కాలికట్ సమీపంలోని చాత్తమంగలం వద్ద ఉన్న రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం విద్యార్థి. తండ్రి టి.వి. ఈచ్చర వారియర్ హిందీ ఆచార్యుడు. చదువుతోపాటు రాజన్‌కు పాటలు, నాటకాలు ఇష్టం. 1976 ఫిబ్రవరి చివరి రోజులలో విశ్వవిద్యాలయ యువజనోత్సవంలో పాల్గొని తెల్లవారుజామున హాస్టలుకు తిరిగి వచ్చాడు. అక్కడ పోలీసులు కాచుకొని ఉన్నారు. అతనిని, మరొక విద్యార్థిని తీసికొని వెళ్లారు.

దీనికి పూర్వరంగం ఏమనగా, ఫిబ్రవరి 28న నక్సలైట్లు కాయణ్ణ పోలీసు స్టేషనుపై దాడి చేసి తుపాకులు ఎత్తుకొనిపోయారు. వాటిని వెదకుటకు పోలీసులు పశ్చిమ కనుమలలోని కక్కయంలో విద్యుత్ బోర్డు భవనాలలో ఒక శిబిరం తెరిచారు. క్రైమ్ బ్రాంచి డి.ఐ.జి. జయరాం పడిక్కల్ దానిని నడిపించాడు. అనుమానితులుగా తెచ్చిన అనేకులను అక్కడ హింసించారు. బల్లపై పడుకోబెట్టి, తొడల మీద బరువైన రోకలిని నొక్కి దొర్లించుట అక్కడి పద్ధతి. దానికి మలయాళంలో 'ఉరుట్టల్' అని పేరు. రాజన్‌కు కూడ ఇదే చేశారు. మార్చి 2న అతడు ఆ శిబిరంలోనే మరణించాడని ప్రభుత్వం మరుసటి సంవత్సరం ఒప్పుకొన్నది. శవం మాత్రం ఎన్నడూ దొరకలేదు.

రాజన్ నిజంగా ఆ రాజకీయాలలో ఉన్నాడా అను ప్రశ్న చాలాసార్లు అడుగబడింది. పోలీసులు అనుమానించారు, తండ్రి కాదన్నాడు. దాడి చేసినవారిలో అతడు ఒకడని ఏ న్యాయస్థానమూ చెప్పలేదు. కాని మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలచితిమి. అతడు నిర్దోషి గనుక అది అన్యాయమైనదని వాదిస్తే, దోషి అయివుంటే అది న్యాయమే అన్న అర్థం దొంగదారిన లోనికి వస్తుంది. దోషికైనా నేరారోపణ ఉండాలి, విచారణ ఉండాలి, తీర్పు ఉండాలి. కాపరులు ఈ మాటను మరువరాదు. ఎందుకనగా 'ఏదో చేసి ఉంటాడులే' అను మాట మన సంఘాలలోనే ముందుగా వినబడుతుంది.

5. తండ్రి వెదకుట

కాలేజీ ప్రిన్సిపాల్ ప్రొఫెసర్ బహావుద్దీన్ తన విద్యార్థిని పోలీసులు పట్టుకొని వెళ్లిన సంగతిని తండ్రికి వెంటనే రిజిస్టరు ఉత్తరం ద్వారా తెలిపాడు. అది చాలా చిన్న పనిగా కనబడుతుంది. కాని భయం రాజ్యమేలుతున్న ఆ రోజులలో ఒక ప్రభుత్వ కళాశాల అధికారి 'పోలీసులు తీసికొని వెళ్లారు' అని కాగితం మీద వ్రాసి, సంతకం చేసి, రసీదుతో పంపుట చిన్న పని కాదు. తరువాత న్యాయస్థానంలో అబద్ధాన్ని నిలువరించిన ఆధారాలలో కళాశాలవారి సాక్ష్యం ముఖ్యమైనది.

ఈచ్చర వారియర్ కాలేజీకి పోయాడు, అక్కడి నుండి కక్కయం శిబిరానికి పోయాడు. లోనికి రానివ్వలేదు. హోం మంత్రి కె. కరుణాకరన్‌ను కలిసికొన్నాడు. ముఖ్యమంత్రి సి. అచ్యుత మీనన్‌ను ఆశ్రయించాడు. రాష్ట్ర హోం కార్యదర్శికి, రాష్ట్రపతికి, ప్రధానమంత్రికి, పార్లమెంటు సభ్యులకు విజ్ఞాపనలు పంపాడు. ఎవరును రాజన్ ఎక్కడ ఉన్నాడో చెప్పలేదు. న్యాయస్థానం తలుపు అప్పటికి మూసి ఉంది. ఇంటిలో రాజన్ తల్లి కుమారుని కొరకు ఎదురుచూస్తూ మానసికంగా క్రుంగిపోయింది. ఆమె 2000లో మరణించింది. అప్పటివరకు ఆమె కుమారుని అడుగుతూనే ఉన్నది.

ఆ ఇంటి స్థితిని కాపరి దృష్టితో చూడాలి. చావు వార్త వచ్చిన ఇంటిలో దుఃఖానికి ఒక క్రమం ఉంటుంది. బంధువులు వస్తారు, ప్రార్థన జరుగుతుంది, మట్టి వేస్తారు, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకొంటారు. అదృశ్యమైనవాని ఇంటిలో ఆ క్రమం మొదలే కాదు. ఏడిస్తే ఆశ వదలుకొన్నట్టు, ఏడ్వకపోతే గుండె రాయి అయినట్టు. భర్త చనిపోయాడని నమ్మితే భార్య, బ్రతికి ఉన్నాడని నమ్మితే భర్త ఒకరినొకరు నిందించుకొంటారు. అమెరికాలో యుద్ధంలో కనబడకుండ పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించిన పాలిన్ బాస్ అను పరిశోధకురాలు దీనిని 'అస్పష్టమైన నష్టం' అని పిలిచింది. ఇటువంటి దుఃఖం తీరకపోవుటకు కారణం ఆ మనుషుల బలహీనత కాదు, ఆ నష్టపు స్వభావమే అట్టిదని ఆమె బోధ. ఈ మాట మన పరామర్శకు ఎంతో అవసరం.

6. న్యాయస్థానము ముందు

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగింది. ఆ నెల చివరి వారంలోనే ఈచ్చర వారియర్ కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేశాడు. న్యాయవాది ఎస్. ఈశ్వరయ్యర్. అదే వారంలో కరుణాకరన్ ముఖ్యమంత్రి అయ్యాడు. రాజన్‌ను అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వ పక్షం అఫిడవిట్లు దాఖలు చేసింది.

అప్పుడు సాక్షులు వచ్చారు. హాస్టలులో చూచినవారు, కళాశాలవారు, కక్కయం శిబిరంలో రాజన్‌తోపాటు ఉన్నవారు తాము చూచినది చెప్పారు. జస్టిస్ సుబ్రమణ్యన్ పోట్టి, జస్టిస్ ఖాలిద్ 1977 ఏప్రిల్ 13న తీర్పు ఇచ్చారు. రాజన్‌ను పోలీసులు పట్టుకొన్న మాట నిజమని, కక్కయం శిబిరంలో ఉంచిన మాట నిజమని నిర్ణయించి, ఏప్రిల్ 21న అతనిని న్యాయస్థానం ముందు హాజరుపరచుమని ఆజ్ఞాపించారు. చూపుటకు మనిషి లేడు. నెల రోజులు నిండకముందే, ఏప్రిల్ 25న ముఖ్యమంత్రి రాజీనామా చేశాడు. తరువాత ప్రభుత్వం రాజన్ పోలీసు నిర్బంధంలో హింస వలన మరణించాడని న్యాయస్థానంలో ఒప్పుకొన్నది.

ఇంత జరిగినా క్రిమినల్ కేసు తేలిపోయింది. విచారణ తమిళనాడులోని కోయంబత్తూరుకు మార్చబడింది. శవం లేదు గనుక హత్య నిరూపణ కాలేదు. విధించిన స్వల్ప శిక్షలు కూడ అప్పీలులో నిలువలేదు. శవాన్ని మాయం చేయుట నేరంలో భాగం మాత్రమే కాదు, నేరస్థులకు రక్షణ కవచం కూడ అని దీనివలన తెలియుచున్నది.

ఈచ్చర వారియర్ తన అనుభవాన్ని మలయాళంలో ఒక తండ్రి జ్ఞాపకాలుగా వ్రాశాడు. 2004లో దాని ఆంగ్ల అనువాదం వచ్చింది. ఈ కథ నేపథ్యంగా షాజీ ఎన్. కరుణ్ తీసిన 'పిరవి' చిత్రానికి 1989లో కాన్ ఉత్సవంలో గుర్తింపు లభించింది. రాజన్ చదివిన కళాశాల విద్యార్థులు అతని జ్ఞాపకార్థం 'రాగం' అను పేరుతో సాంస్కృతిక ఉత్సవం జరుపుకొంటారు. ఈచ్చర వారియర్ 2006 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. కుమారుని సమాధి ఎక్కడో ఆయనకు చివరివరకు తెలియలేదు.

7. ఆనాటి సంఘము: ఇక్కడ, అక్కడ

అత్యవసర పరిస్థితిలో భారతీయ సంఘం ఏమి చేసింది? గౌరవింపదగిన స్వరాలు కొన్ని ఉన్నాయి. మార్తోమా సంఘపు మెట్రోపాలిటన్ యూహానోన్ మార్తోమా ప్రధానమంత్రికి లేఖ వ్రాసి అత్యవసర పరిస్థితిని ఎత్తివేయుమని కోరాడు. ప్రపంచ సంఘాల మండలి కేంద్ర కమిటీకి 1968 నుండి 1975 వరకు అధ్యక్షత వహించిన వేదాంతి ఎం.ఎం. థామస్ నిరంకుశత్వాన్ని విమర్శిస్తూ వ్రాశాడు. కాని వారు కొద్దిమందే. మిగిలిన చాలామంది రైళ్లు వేళకు వస్తున్నవని సంతోషించారు, లేదా పై అధికారులకు లోబడుటను గూర్చి ప్రసంగించి ఊరుకొన్నారు.

ఇదే కాలంలో దక్షిణ అమెరికాలో సంఘాలు ఇంతకంటె పెద్ద పరీక్షలో ఉన్నాయి. చిలీలో 1973 సెప్టెంబరు సైనిక కుట్ర తరువాత కాథలిక్కులు, లూథరన్లు, మెథడిస్టులు, పెంతెకొస్తులు, యూదులు కలిసి శాంతి కొరకు సహకార కమిటీని స్థాపించారు. లూథరన్ బిషప్ హెల్ముట్ ఫ్రెంజ్ దాని నాయకులలో ఒకడు. ప్రభుత్వం ఆయనను దేశంలోనికి తిరిగి రానివ్వలేదు, కమిటీని మూయించింది. 1976 ఆరంభంలో కార్డినల్ రౌల్ సిల్వా హెన్రికెజ్ ఆ పనినే 'సంఘీభావ వికారియేట్' అను పేరుతో సంఘం గొడుగు క్రిందికి తెచ్చాడు. వారు చేసిన ప్రధానమైన పని ఏమిటి? వచ్చిన ప్రతి తల్లి చెప్పినది వినుట, పేరు, తేదీ, స్థలం, చూచినవారి సాక్ష్యం వ్రాసికొనుట, న్యాయస్థానంలో హెబియస్ కార్పస్ వేయుట. న్యాయస్థానాలు వాటిని దాదాపు అన్నింటిని త్రోసివేశాయి. వారు మాత్రం వ్రాయుట మానలేదు. 1978లో లోన్కెన్ అను చోట పాత సున్నపు బట్టీలలో పదిహేనుమంది అస్థికలు బయటపడినప్పుడు, అట్టి పురుషులు ఎవరూ లేరని చెప్పుటకు ప్రభుత్వానికి వీలు లేకపోయింది. వారి పేర్లు అప్పటికే వ్రాయబడి ఉన్నాయి.

అర్జెంటీనాలో 1976 మార్చి 24న సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. రాజన్ అదృశ్యమైనదీ ఆ నెలలోనే. కేరళ హైకోర్టు తీర్పు వచ్చిన 1977 ఏప్రిల్ నెలలోనే, 30వ తేదీన, పిల్లలను పోగొట్టుకొన్న తల్లులు బ్యూనస్ ఎయిరిస్‌లోని మే చౌకులో మొదటిసారి కూడుకొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులో ఆ తల్లుల నాయకురాలు అజుసేనా విల్లాఫ్లోర్‌ను, వారికి తోడుగా నిలిచిన ఆలిస్ డొమాన్, లియోనీ దుకే అను ఇద్దరు ఫ్రెంచి కన్యాస్త్రీలను కూడ మాయం చేశారు. సైనిక పాలన ముగిసిన పిమ్మట 1984లో జాతీయ విచారణ సంఘం దాదాపు 9,000 అదృశ్యాలను నమోదు చేసింది. ఆ విచారణ సంఘంలో మెథడిస్టు బిషప్ కార్లోస్ గత్తినోని సభ్యుడు. అదే దేశంలో సైనికాధికారులకు ఆశీర్వాదం పలికిన మతగురువులూ ఉన్నారని మరువరాదు. సంఘం ఏ వైపు నిలిచిందో అధికారిక ప్రకటనల వలన కాదు, ఏడుస్తూ వచ్చిన తల్లికి ఆఫీసు తలుపు తీసిందా లేదా అనుదాని వలన చరిత్ర నిర్ణయిస్తుంది.

8. లేఖనముల వెలుగులో

ఆదికాండము 37వ అధ్యాయంలో యాకోబు ఎదుటికి రక్తంలో ముంచిన అంగీ వస్తుంది. చేసినవారే సాక్ష్యం కల్పించి, తీర్మానాన్ని తండ్రి నోటనే పలికించారు. తరువాత వారే ఓదార్చుటకు లేచారు. యాకోబు ఓదార్పు పొందనొల్లలేదు. ఆ నిరాకరణను మనం అవిశ్వాసంగా ప్రసంగించరాదు. అబద్ధం మీద కట్టిన ఓదార్పును త్రోసివేసిన యాకోబు తెలియకుండగనే సత్యం వైపు నిలిచాడు. ఎందుకనగా యోసేపు నిజంగా చనిపోలేదు.

సమూయేలు రెండవ గ్రంథము 21వ అధ్యాయంలో సౌలు ఉపపత్ని రిస్పా ఉన్నది. రాజకీయ అవసరం కొరకు చంపబడిన తన ఇద్దరు కుమారుల శవాలకు పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను తగులనియ్యక, కోతకాలపు ఆరంభం నుండి వర్షం కురియువరకు బండమీద గోనెపట్ట పరచుకొని కూర్చున్నది. ఆమె ఒక్కమాట మాటలాడినట్లు వ్రాయబడలేదు. కాని ఆ సంగతి రాజైన దావీదుకు తెలిసినది, ఎముకలు సమకూర్చబడి పాతిపెట్టబడినవి. అటు తరువాతనే దేవుడు దేశము కొరకైన విన్నపము అంగీకరించెనని గ్రంథకర్త తెలుపుచున్నాడు. కరవు తీరుటకు చావులు చాలలేదు, గౌరవమైన సమాధి కావలసివచ్చింది. మే చౌకులోని తల్లులలోను, రాజన్ తండ్రిలోను మేము రిస్పాను చూచుచున్నాము.

యిర్మీయా 38వ అధ్యాయంలో ప్రవక్తను బురద గోతిలోనికి దింపినప్పుడు అతనికి సహాయపడినవాడు ఎబెద్మెలెకు. అతడు పరదేశి, రాజు ఇంటి ఉద్యోగి. రాజు కూర్చున్న చోటికే వెళ్లి చెప్పాడు. త్రాళ్లతోపాటు, చంకలు ఒరసికొనకుండ పాత బట్టలు కూడ తీసికొని వెళ్లాడు. రిజిస్టరు ఉత్తరం పంపిన ప్రిన్సిపాల్‌ను మేము ఈ వరుసలో ఉంచుతాము. తన ఉద్యోగ పరిధిలో తాను చేయగలిగిన ఒక్క పనిని ఆలస్యం లేకుండ చేసినవాడు అతడు.

చివరగా, మన ప్రభువు సిలువ వేయబడిన సాయంకాలమున అరిమతయియ యోసేపు తెగించి పిలాతు నొద్దకు వెళ్లి దేహాన్ని అడిగాడు. రోమా అధికారం దేహాన్ని ఇచ్చింది. మన విశ్వాసపు ఒప్పుదలలో ప్రభువు పాతిపెట్టబడెనను మాట కూడ ఒక భాగం. దేహాన్ని అడుగుట సువార్త చరిత్రలోనే ఉన్న పని.

9. మన పరిచర్యకు కొన్ని సూచనలు

ఇవన్నియు కేవలం గతం కాదు. మన రాష్ట్రంలో 1980, 1990 దశకాలలో ఎన్‌కౌంటర్లను గూర్చి వచ్చిన ఫిర్యాదుల ఫలితంగానే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో రాష్ట్రాలన్నింటికి మార్గదర్శకాలు పంపింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాలలో నుండి యువకులు బెంగళూరుకు, స్త్రీలు గల్ఫ్ దేశాలకు పనికి పోవుచున్నారు. రాజకీయాల వలన గాని, పని చోటుల వలన గాని, సరిహద్దుల వలన గాని జాడ తెలియనివాని ఇల్లు ఏ సంఘానికైనా రావచ్చు. అందుచేత కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఈ క్రింది సూచనలు చేయుచున్నాము.

మొదటిది, వ్రాయవలెను. కుటుంబం వచ్చిన రోజుననే పేరు, వయస్సు, తేదీ, గంట, చోటు, వచ్చిన బండి, చూచినవారు చెప్పిన మాటలు కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ఒక ప్రతి సంఘంలో ఉంచవలెను. జ్ఞాపకం మసకబారుతుంది, బెదిరింపునకు లొంగుతుంది. కాగితం నిలుస్తుంది. మన బాప్తిస్మపు రిజిస్టరు కూడ ఒక సాక్ష్యమే. అట్టి మనిషి లేనే లేడని ఎవడును చెప్పలేకుండ అది అడ్డుపడుతుంది.

రెండవది, చట్టాన్ని తెలిసికొనవలెను. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవానిని, ప్రయాణ సమయం మినహా, ఇరువది నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో వ్రాయుట, బంధువులకు తెలుపుట తప్పనిసరి చేసింది. 1978లో వచ్చిన 44వ సవరణ వలన జీవించు హక్కు అమలును అత్యవసర పరిస్థితిలో కూడ నిలిపివేయుటకు వీలులేదు. హెబియస్ కార్పస్ కొరకు హైకోర్టుకు వెళ్లవచ్చును. కాపరి న్యాయవాది కానక్కరలేదు, కాని న్యాయవాది ఇంటివరకు తోడు వెళ్లగలవాడై ఉండవలెను.

మూడవది, ప్రార్థనలో పేరు పలుకవలెను. చనిపోయినవారి జాబితాలో చేర్చవద్దు, ప్రయాణంలో ఉన్నవారి జాబితాలో కలిపివేయవద్దు. ఎక్కడ ఉన్నాడో దేవునికి తెలిసినవాడని చెప్పి, పేరు పెట్టి ప్రార్థించవలెను. ఇంటిపేరునకు భయపడి సంఘం ఆ కుటుంబాన్ని దూరం పెట్టితే, మాయం చేసినవారి పనిని మనమే పూర్తిచేసినవారమవుదుము.

నాలుగవది, తొందరపెట్టకూడదు. ఏడేండ్లు జాడ లేనివాని మరణాన్ని చట్టం ఊహించవచ్చును. ఆస్తి, పింఛను, పునర్వివాహం వంటి అవసరాలకు అది ఉపయోగపడుతుంది. కాని తల్లి హృదయానికి అటువంటి గడువు లేదు. జ్ఞాపకార్థ ఆరాధన పెట్టుట, పెట్టకపోవుట కుటుంబం నిర్ణయించుకొనవలసినది. ఒకే ఇంటిలో ఒకరు ఆశతోను, ఒకరు దుఃఖంతోను ఉంటే, ఇద్దరిలో ఎవరిని తప్పుపట్టక ఇద్దరితోను కూర్చుండుటయే పరిచర్య.

10. ముగింపు

రాజన్ జీవితం ఇంజనీరింగు పట్టాకు కొన్ని నెలల దూరంలో ఆగిపోయింది. దానిని చరిత్రలో నిలిపినవారు పెద్దవారు కారు. ఉత్తరం వ్రాసిన ఒక ప్రిన్సిపాల్, సాక్ష్యం చెప్పిన విద్యార్థులు, తలుపు తెరుచుకొన్న మొదటి వారంలోనే పిటిషను వేసిన ఒక హిందీ మాస్టారు, ఆజ్ఞ ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులు. వీరిలో ఏ ఒక్కరు మౌనంగా ఉన్నా, అరెస్టే జరుగలేదను అఫిడవిట్టు ఈనాటికీ అధికారిక చరిత్రగా ఉండేది.

మొదటి సహోదర హత్య తరువాత దేవుడు హంతకుని అడిగిన ప్రశ్న చోటును గూర్చినది. చంపబడినవాడు ఎక్కడ ఉన్నాడని ఆయన అడిగాడు. నాకు తెలియదని కయీను చెప్పిన జవాబును దేవుడు అంగీకరించలేదు, నేల నోరు తెరచి చెప్పినదానినే అంగీకరించాడు. తన సంఘంలో కాపరియైనవాడు ఆ ప్రశ్నను దేవుని పక్షమున అడుగుచు ఉండవలెను. జవాబు వచ్చునంతవరకు ఆ పేరును రిజిస్టరులో చెరుపక ఉంచవలెను.